వినకుండానే అమ్మిన యాంప్లిఫయర్: పీటర్ వాకర్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

పాత వాల్వు యాంప్లిఫయర్లంటే ఇష్టపడేవాళ్ళు నలుగురు చేరితే క్వాడ్ 2 పేరు రాకుండా ఉండదు. 1953లో బ్రిటన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఈ యంత్రం వినిపించే పాటలో ఒక మెత్తదనం, ఒక నిండుదనం ఉంటాయనీ, ట్రాన్సిస్టర్లతో అది సాధ్యం కాదనీ అభిమానులు అంటారు. వాళ్ళ భాషలో అది 'వార్మ్ సౌండ్'. డెబ్భై ఏళ్ళు దాటిన ఈ పెట్టెలను ఇప్పటికీ వెతికి కొంటారు, బాగు చేయించుకుంటారు, హాల్లో అందరికీ కనిపించేలా పెట్టుకుంటారు.

ఈ యంత్రాన్ని రూపొందించిన పీటర్ వాకర్ తరువాతి కాలంలో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట వింటే ఈ అభిమానులు కొంత ఇబ్బంది పడతారు. తమ వాల్వు యాంప్లిఫయర్‌ను డిజైన్ చేశామనీ, తయారు చేసి అమ్మకానికి పెట్టామనీ, కానీ అది ఎలా వినిపిస్తుందో కూర్చుని వినలేదనీ ఆయన చెప్పారు. ఆ తరువాత వచ్చిన ట్రాన్సిస్టర్ మోడళ్ళ విషయంలోనూ అంతేనన్నారు.

శబ్దం కోసం ప్రసిద్ధికెక్కిన యంత్రాన్ని దాని కర్త వినలేదంటే ఎలా? ఆయన అహంకారమా, నిర్లక్ష్యమా? లేక మనం ఆయనకు కట్టబెట్టిన పేరు ఒకటీ, ఆయన నిజంగా చేసిన పని మరొకటీనా? దీనికి జవాబు వెతకాలంటే కొంచెం చరిత్ర, కొంచెం భౌతికశాస్త్రం, కాస్త గణాంకం కావాలి.

మైకు సెట్ల నుంచి మొదలు

1916లో పుట్టిన పీటర్ వాకర్ 1936లో లండన్‌లో అకౌస్టికల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. మొదట్లో తయారు చేసినవి సభలకూ హాళ్ళకూ కావలసిన మైకు సెట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, 1941లో, కంపెనీ హంటింగ్‌డన్ అనే చిన్న పట్టణానికి మారింది. చివరిదాకా అదే దాని ఊరుగా నిలిచిపోయింది.

యుద్ధం ముగిశాక ఇళ్ళలో మంచి సంగీతం వినాలన్న కోరిక పెరిగింది. 1948లో నిమిషానికి 33 చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. 1950ల్లో ఎఫ్.ఎం. ప్రసారాలు వచ్చాయి. రికార్డు మీద ఉన్న శబ్దం మెరుగయ్యేసరికి దాన్ని స్పీకరు దాకా చేర్చే యంత్రాల లోపాలు బయటపడసాగాయి. 'హై ఫిడెలిటీ', పొట్టిగా హై-ఫై, అన్న మాట జనంలోకి వెళ్ళింది అప్పుడే. ఫిడెలిటీ అంటే విశ్వసనీయత. లోపలికి వచ్చిన సంకేతాన్ని ఉన్నదున్నట్టుగా, పెద్దది చేసి మాత్రమే బయటికి పంపడం యాంప్లిఫయర్ ధర్మం. ఏమీ కలపకూడదు, ఏమీ తీసేయకూడదు.

వాకర్ తన యంత్రానికి పెట్టిన 'క్వాడ్' అన్న పేరు 'క్వాలిటీ యూనిట్ యాంప్లిఫయర్ డొమెస్టిక్' అన్న మాటల మొదటి అక్షరాల కూర్పు. నాణ్యమైనది, ఇంట్లో వాడేది అని భావం. ఆ పేరు ఎంతగా స్థిరపడిందంటే, చివరికి కంపెనీ పేరే క్వాడ్ అయిపోయింది.

వాల్వు అనే తూము తలుపు

మన తాతల కాలం నాటి రేడియో చూసినవాళ్ళకు వాల్వు తెలుసు. స్విచ్చి వేయగానే పాట వచ్చేది కాదు. లోపలి గాజు బుడ్లలో ఎర్రటి కాంతి కనిపించి, అర నిమిషం వేడెక్కాక గొంతు వినిపించేది. ఆ వేడి వృథా కాదు, అసలు పని జరగాలంటే అది ఉండాల్సిందే.

గాలి తీసేసిన గాజు గొట్టంలో కేథోడ్ అనే లోహపు భాగాన్ని బాగా వేడి చేస్తే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఎదురుగా ధన వోల్టేజిలో ఉన్న యానోడ్ వాటిని లాక్కుంటుంది. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ చేసిన వాల్వు ఇంతే. 1906లో లీ డి ఫారెస్ట్ వీటి మధ్య సన్నని తీగతో గ్రిడ్ అనే మూడో భాగాన్ని చేర్చారు. గ్రిడ్ మీద వోల్టేజి కొంచెం మారితే చాలు, కేథోడ్ నుంచి యానోడ్‌కు పోయే ప్రవాహం చాలా మారుతుంది.

చెరువు తూమును గుర్తు తెచ్చుకోండి. తూము తలుపును ఎత్తడానికీ దించడానికీ మనిషి బలం సరిపోతుంది. కానీ దాని కింద పారే నీటి బలం ఎంతో ఎక్కువ. నీటిని మనిషి తొయ్యడం లేదు, అది చెరువులో ముందే ఉంది. వాల్వులో గ్రిడ్ ఆ తలుపు, పవర్ సప్లై ఆ చెరువు. గ్రామఫోన్ ముల్లు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం తలుపును కదుపుతుంది. స్పీకరును నడిపే శక్తి పవర్ సప్లై నుంచి వస్తుంది.

చిక్కంతా ఆ తలుపు ప్రవర్తనలోనే ఉంది. తలుపును ఒక అంగుళం ఎత్తితే ఎంత నీరు వస్తుందో, రెండు అంగుళాలు ఎత్తితే సరిగ్గా దానికి రెట్టింపు రావాలి. వాల్వు అంత కచ్చితంగా ఉండదు. దాని గ్రాఫు సరళరేఖ కాదు, వంపు తిరిగిన గీత. అందువల్ల లోపలికి వెళ్ళిన తరంగం ఆకారం బయటికి వచ్చేసరికి కొద్దిగా చెడుతుంది. దీన్నే డిస్టార్షన్ అంటారు.

లేని స్వరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

సంగీతం తెలిసినవాళ్ళకు డిస్టార్షన్‌ను సులువుగా చెప్పవచ్చు. యాంప్లిఫయర్‌కు ఒకే ఒక్క స్వచ్ఛమైన షడ్జం ఇచ్చామనుకుందాం. తరంగం ఆకారం చెడిందంటే, గణితపరంగా, మనం ఇవ్వని స్వరాలు దానికి తోడయ్యాయని అర్థం. అసలు పౌనఃపున్యానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉండే ఈ అదనపు స్వరాలే హార్మోనిక్‌లు. రెండోది పై స్థాయి షడ్జం. మూడోది ఆ పైన ఉండే పంచమం. ఇవి చెవికి ఇంపైనవే, తంబురా నాదంలో సహజంగా ఉన్నవే. కానీ ఏడో, తొమ్మిదో హార్మోనిక్‌ల వంటివి అసలు స్వరంతో అంతగా పొసగవు. తక్కువ మోతాదులో ఉన్నా గరగరగా వినిపిస్తాయి.

పైగా పాటలో ఒక్క స్వరమే ఉండదు. రెండు స్వరాలు కలిసి వెళ్ళినప్పుడు వాటి కూడికలూ తీసివేతలూ కొత్త పౌనఃపున్యాలుగా పుడతాయి. 1000 హెర్ట్జ్, 1100 హెర్ట్జ్ స్వరాలు కలిసి వెళితే 100 హెర్ట్జ్ దగ్గర ఎవరూ పాడని ఒక స్వరం తయారవుతుంది. పెద్ద వాద్యబృందం సంగీతం నాసిరకం యాంప్లిఫయర్‌లో కలగాపులగంగా వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

డిస్టార్షన్‌ను శాతాల్లో చెబుతారు. 0.1 శాతం అంటే అదనపు స్వరాల వోల్టేజి అసలు స్వరంలో వెయ్యో వంతు, డెసిబెల్‌లలో 60 తక్కువ. శక్తిలో లెక్కిస్తే పది లక్షల్లో ఒక వంతు. 1945లో బ్రిటన్‌కే చెందిన హెచ్.జె. లీక్ కంపెనీ ఈ అంకెనే తన యాంప్లిఫయర్‌కు పేరుగా పెట్టుకుంది: 'పాయింట్ వన్'. అప్పటికి అది చాలా పెద్ద మాట.

తన తప్పు తానే దిద్దుకునే యంత్రం

వంకర ఉన్న వాల్వులతో ఇంత నిక్కచ్చి పని ఎలా సాధ్యమైంది? దీని వెనక ఉన్న ఆలోచన 1927 ఆగస్టు 2న పుట్టింది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఆ రోజు పడవలో హడ్సన్ నది దాటి ఆఫీసుకు వెళుతూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక కాగితం మీదే తన లెక్క రాసుకున్నారు. అదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్.

పాడుతూ పాడుతూ శ్రుతి జారుతోందని గమనించిన గాయని వెంటనే గొంతు సరిచేసుకుంటుంది. యాంప్లిఫయర్ చేసేదీ అదే, కాకపోతే క్షణక్షణమూ ఆపకుండా చేస్తుంది. బయటికి వెళ్ళే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చే సంకేతం నుంచి తీసివేస్తారు. రెండింటికీ తేడా ఎక్కడుందో ఆ మేరకు వ్యతిరేక దిశలో దిద్దుబాటు జరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక యాంప్లిఫయర్ సంకేతాన్ని 1000 రెట్లు పెంచుతుంది. అందులో నూరో వంతును వెనక్కి తెచ్చి తీసివేస్తే మొత్తం పెంపు సుమారు 91 రెట్లకు తగ్గిపోతుంది. దాదాపు పది వంతులు నష్టపోయినట్టే. మరి లాభం ఏమిటి? వాల్వు పాతబడి 1000 రెట్లు కాస్తా 500 అయ్యిందనుకోండి. ఫీడ్‌బ్యాక్ ఉన్న యంత్రంలో పెంపు 91 నుంచి సుమారు 83కు మాత్రమే తగ్గుతుంది. లోపల సగానికి సగం పడిపోయినా బయట కనిపించేది 8 శాతం తేడాయే. డిస్టార్షన్ కూడా దాదాపు అదే నిష్పత్తిలో, పదకొండో వంతుకు, దిగుతుంది. పెంపును ఖర్చు పెట్టి నికార్సుతనాన్ని కొనుక్కోవడమన్నమాట.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. వెనక్కి తెచ్చే సంకేతం ఆలస్యంగా వస్తే దిద్దుబాటు తిరగబడుతుంది. తీసివేయాల్సింది కూడిక అవుతుంది, యాంప్లిఫయర్ తనంతట తానే కూత పెట్టడం మొదలుపెడుతుంది. సభల్లో మైకు స్పీకరు ముందుకు వెళ్ళినప్పుడు వినిపించే కూతకు దగ్గరి చుట్టం ఇది. వాల్వు యాంప్లిఫయర్‌లో ఈ చిక్కు తెచ్చిపెట్టేది ముఖ్యంగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఈ యంత్రం నడవదు. వాల్వుకు వేల ఓముల భారం కావాలి, స్పీకరు భారం పదీ పదిహేను ఓములు. 20కి 1 నిష్పత్తిలో చుట్లు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉంటే 15 ఓముల స్పీకరు వాల్వుకు 20 వర్గం, అంటే 400 రెట్లు పెరిగి, 6000 ఓములుగా కనిపిస్తుంది. కానీ పలుచని ఇనుప రేకుల చుట్టూ వేల చుట్ల రాగితీగ ఉన్న ఈ దిమ్మె హెచ్చు పౌనఃపున్యాల దగ్గర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించిన యాంప్లిఫయర్ డిజైన్ ప్రపంచమంతా పేరు పొందింది. 20 డెసిబెల్‌ల ఫీడ్‌బ్యాక్, 15 వాట్లు, 0.1 శాతం డిస్టార్షన్ దాని లెక్క. దానికి చాలా జాగ్రత్తగా చుట్టిన ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

క్వాడ్ 2 లోపల

వాకర్ ముందున్న ప్రశ్న వేరు. పత్రికలో డిజైన్ చూసి ఒక్కటి కట్టుకోవడం ఒక ఎత్తు. వేల సంఖ్యలో చేసి, ప్రతిదీ ఒకేలా పనిచేసేలా చూసి, మామూలు ఇంట్లో పెట్టగలిగేంత చిన్నగా చేయడం మరో ఎత్తు.

క్వాడ్ 2లో చివరి దశలో రెండు కేటీ66 వాల్వులు జంటగా పనిచేస్తాయి. తరంగం పైకి లేచినప్పుడు ఒకదానిలో ప్రవాహం పెరుగుతుంది, రెండోదానిలో తగ్గుతుంది. రంపం పట్టిన ఇద్దరు వడ్రంగుల్లా ఒకరు లాగితే ఒకరు తోస్తారు. అందుకే దీన్ని పుష్-పుల్ అంటారు. ఈ అమరికలో ఒక వరం ఉంది. రెండు వాల్వుల వంపులూ ఒకేలా ఉంటే వాటిలో పుట్టే రెండో, నాలుగో హార్మోనిక్‌లు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరం పడుతుంది.

వాకర్ చేసిన తెలివైన పని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో కొంత భాగాన్ని కేటీ66ల కేథోడ్‌లకు కలిపారు. దాంతో చివరి దశ తనకు తానే అక్కడికక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చుకుంటుంది. ఇంటి తగవును ఇంట్లోనే తీర్చుకున్నట్టు, పెద్ద పొరపాట్లు అక్కడే సర్దుకుంటాయి. మొత్తం యంత్రాన్ని చుట్టివచ్చే రెండో ఫీడ్‌బ్యాక్ మీద భారం తగ్గుతుంది. ముందు దశకు రెండు ఈఎఫ్86 వాల్వులు, పవర్ సప్లైకి ఒక రెక్టిఫయర్ వాల్వు. మొత్తం అయిదు వాల్వులు, 15 వాట్లు. లోపల చూస్తే ఇంతేనా అనిపిస్తుంది.

ఈ మోడల్ 1953 నుంచి 1967 దాకా పెద్ద మార్పులు లేకుండా అమ్ముడైంది. ఏటా కొత్త మోడల్ వచ్చే ఈ రోజుల్లో పద్నాలుగేళ్ళు ఒకే డిజైన్ అంటే నమ్మబుద్ధి కాదు. వాకర్ పేరు నిలబడింది ఈ పద్ధతి మీదే. కరపత్రంలో రాసిన అంకెను కొన్న ప్రతి యంత్రమూ అందుకోవాలి. కొన్నవాళ్ళకు ఇచ్చే పుస్తకంలో సర్క్యూట్ చిత్రం కూడా ఉండేది, దాచిపెట్టిన రహస్యమేదీ లేదు. ఎన్నో ఏళ్ళనాటి యంత్రాన్ని తెచ్చినా హంటింగ్‌డన్‌లో మరమ్మతు చేసి ఇచ్చేవారు.

1957లో ఆయన కంపెనీ పలుచని పొరను విద్యుత్ క్షేత్రంతో కదిలించే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును విడుదల చేసింది. దాని స్పష్టత ముందు చాలా యంత్రాల లోపాలు దాగలేదు. క్వాడ్ 2ను ఆ స్పీకరుతో కలిపి విన్నవాళ్ళే దాని కీర్తిని ఎక్కువగా పాడారు. ఆ కీర్తిలో స్పీకరు వాటా ఎంతో చెప్పడం కష్టం.

ట్రాన్సిస్టర్లు వచ్చాయి, గొడవ మొదలైంది

1967లో క్వాడ్ 2 స్థానంలో 303 అనే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ వచ్చింది. బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు, వాల్వులు మార్చే పని లేదు, పవర్ ఎక్కువ. అంకెల్లో అన్నివిధాలా మెరుగే. అయినా 'ట్రాన్సిస్టర్ శబ్దం బాగోలేదు' అన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినిపించేది.

ఆ ఫిర్యాదు ఉత్త భ్రమ కాదు. తొలితరం ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు చాలావాటిలో ఒక నిజమైన లోపం ఉండేది. పుష్-పుల్ జంటలో పని ఒకరి నుంచి ఒకరికి మారే క్షణంలో, అంటే తరంగం సున్నా గీతను దాటేటప్పుడు, చిన్న తడబాటు. దీన్ని క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. మామూలు డిస్టార్షన్ శబ్దం పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఇది అందుకు విరుద్ధం. తడబాటు ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉంటుంది కాబట్టి సన్నని శబ్దంలోనే దాని వాటా ఎక్కువ. పైగా అది పుట్టించేవి చెవికి గుచ్చుకునే పై హార్మోనిక్‌లు. పూర్తి పవర్ దగ్గర కొలిచిన ఒక్క అంకెలో ఇది కనిపించదు. చెవి సరిగ్గానే పట్టుకుంది, కొలవాల్సిన చోట కొలవలేదంతే.

వాకర్ చెవిని తోసిపుచ్చలేదు. ఏ రకం లోపం ఎంత మోతాదులో ఉంటే మనిషి గుర్తిస్తాడన్నది తేల్చడానికి వినికిడి పరీక్షలు కావాలని ఆయన అనేవారు. ఆ మోతాదు తెలిశాక, యంత్రం దానికి ఎంతో దిగువన ఉందని మీటరు చూపిస్తే, ఇక పాటలు పెట్టుకుని మురిసిపోవలసిన పని లేదన్నది ఆయన వాదన. వినకుండానే అమ్మామన్న మాటకు అర్థం ఇదే. 1975లో వచ్చిన క్వాడ్ 405లో ఆయన, మైకేల్ ఆల్బిన్సన్ కలిసి 'కరెంట్ డంపింగ్' అనే కొత్త పద్ధతి పెట్టారు. చిన్నదైన నికార్సు యాంప్లిఫయర్ ఒకటి పెద్ద ట్రాన్సిస్టర్ల తప్పులను ఎప్పటికప్పుడు పూడ్చేస్తుంది. క్రాసోవర్ లోపానికి సూటిగా గురిపెట్టిన పరిష్కారం అది. 1978లో దానికి బ్రిటన్‌లో సాంకేతిక ప్రతిభకిచ్చే క్వీన్స్ అవార్డు దక్కింది.

నాణెం ఎగరేసినట్టు

ఇక వాల్వు గొప్పా, ట్రాన్సిస్టర్ గొప్పా? 1978 జులై 'వైర్‌లెస్ వరల్డ్'లో జేమ్స్ మొయిర్ అనే శబ్ద నిపుణుడు ఒక పరీక్ష వివరాలు ప్రచురించారు. పోటీలో ఉన్నవి మూడు తరాల క్వాడ్ యాంప్లిఫయర్లు: వాల్వులతో నడిచే క్వాడ్ 2, ట్రాన్సిస్టర్ల 303, కరెంట్ డంపింగ్ 405. శబ్దస్థాయిని సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతల బృందానికి వినిపించారు.

శబ్దస్థాయిని సమానం చేయడం ఎందుకు ముఖ్యమంటే, ఒకటి కొంచెం ఎక్కువ మోగితే మనకు అది 'ఎక్కువ' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. పేరు దాచడం ఎందుకంటే, నారింజ రంగులో వెలిగే వాల్వులు ఎదురుగా కనిపిస్తుంటే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. ఇందులో అబద్ధాలాడటం ఏమీ లేదు, మెదడు వినేది చెవులతో మాత్రమే కాదు.

తరువాత లెక్క. తేడా ఏమీ తెలియని మనిషి కూడా నాణెం ఎగరేసినట్టు చెబితే 20 సార్లలో సగటున 10 సార్లు సరిగ్గా చెబుతాడు. 12 సార్లు సరైతే గొప్పేమీ కాదు, ఊహతోనే 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరయ్యే అవకాశం సుమారు 25 శాతం ఉంది. 15, ఆపైన సరైతే అప్పుడు ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఊహతో అలా జరిగే అవకాశం సుమారు 2 శాతమే. మొయిర్ పరీక్షలో శ్రోతలు మూడు యంత్రాలను వేరుచేసి చెప్పలేకపోయారు. వాళ్ళ జవాబులు నాణెం ఎగరేసినదానికి భిన్నంగా లేవు.

వాల్వుల మెత్తదనం కోసమే పేరుపడ్డ యంత్రం, కళ్ళకు కనిపించకుండా ఉంటే, దాన్ని పదవీచ్యుతం చేసిన ట్రాన్సిస్టర్ యంత్రంలాగే వినిపించిందన్నమాట.

ఈ పరీక్ష చెప్పనిది

దీన్ని పట్టుకుని 'అన్ని యాంప్లిఫయర్లూ ఒక్కటే' అనడం తప్పు. అవి ఒకే గడపలో పుట్టిన మూడు మంచి యంత్రాలు. తేడా దొరకలేదంటే ఆ పరిస్థితుల్లో దొరకలేదని అర్థం, ఎక్కడా ఉండదని కాదు. తేడా నిజంగా వినిపించే సందర్భాలు కనీసం మూడున్నాయి.

ఒకటి, శక్తికి మించి మోగించినప్పుడు. 15 వాట్ల యంత్రాన్ని పెద్ద హాల్లో గట్టిగా మోగిస్తే తరంగం తలలు నరికినట్టవుతాయి. ఒక్కో డిజైన్‌లో ఒక్కో తీరుగా నరుకుతాయి. గిటారు వాయించేవాళ్ళు వాల్వులను కోరుకునేది దీని కోసమే. వాళ్ళకు యాంప్లిఫయర్ వాద్యంలో ఒక భాగం, దాని లోపమే వాళ్ళ రంగు. వినడానికి వాడే యాంప్లిఫయర్ పని అది కాదు.

రెండు, స్పీకరుతో పొత్తు. యాంప్లిఫయర్‌కు తన అంతర్నిరోధం ఉంటుంది, వాల్వు యంత్రాల్లో అది కొంచెం ఎక్కువ. స్పీకరు నిరోధం మాత్రం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంటుంది. యాంప్లిఫయర్ అంతర్నిరోధం 1 ఓము అనుకుందాం. స్పీకరు ఒక పౌనఃపున్యం దగ్గర 16 ఓములు, మరోచోట 4 ఓములు చూపితే, ఆ రెండు చోట్లా శబ్దంలో సుమారు 1.4 డెసిబెల్‌ల తేడా వస్తుంది. ఇది చెవికి అందే తేడాయే. కొందరు చెప్పే 'మెత్తదనం' నిజానికి పై పౌనఃపున్యాలు కొంచెం తగ్గడం కావచ్చు. అందులో మాయేమీ లేదు, సాదా ఓమ్ సూత్రం.

మూడు, వయసు. ఇది అన్నిటికంటే ముఖ్యం. డెబ్భై ఏళ్ళ యంత్రంలో కార్బన్ రెసిస్టర్ల విలువలు జరిగిపోతాయి. దశల మధ్య ఉండే కెపాసిటర్ కొద్దిగా కారడం మొదలైతే, కేటీ66 గ్రిడ్ మీదకు రాకూడని వోల్టేజి వచ్చి వాల్వు అవసరానికి మించి వేడెక్కుతుంది. జంటలో ఒక వాల్వు బలహీనపడితే పుష్-పుల్ సమతూకం చెడిపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న విషయం ఇక్కడ పనికొస్తుంది. చెవికి ఇంపైన రెండో హార్మోనిక్ వల్లే వాల్వులకు ఆ రుచి వస్తుందని చాలామంది అంటారు. కానీ ఆరోగ్యంగా ఉన్న క్వాడ్ 2 ఆ హార్మోనిక్‌ను రద్దు చేసేలా కట్టిన యంత్రం. దానిలో రెండో హార్మోనిక్ గట్టిగా వినిపిస్తోందంటే అది వాకర్ ఇచ్చిన వరం కాదు, మరమ్మతుకు పిలుపు.

అలాంటి పాత యంత్రం ఎవరింట్లోనైనా ఉంటే ఒక హెచ్చరిక. లోపల 300 వోల్టులకు పైగా ఉంటాయి, స్విచ్చి ఆపాక కూడా కెపాసిటర్లలో ఆ చార్జి కొంతసేపు నిలిచి ఉండవచ్చు. పని తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వాలి. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్నదాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టి చూడకూడదు.

ఏ పేరు నిజమైనది?

వాకర్‌కు ఇప్పుడు రెండు పేర్లున్నాయి. 1950ల్లో వచ్చిన పేరు కొలిచి చూసుకోగలిగినది: చెప్పిన అంకెను నిలబెట్టుకునే మనిషి. ఇప్పుడు పాత వస్తువుల ప్రియుల మధ్య ఉన్న పేరు వేరు: మళ్ళీ రాని ఒక నాదాన్ని సృష్టించిన మనిషి. ఈ రెండో పేరు ఆయనకు గౌరవంగానే దక్కింది, కానీ ఆయన పనికి అది తలకిందులు. తన యంత్రానికంటూ ఒక నాదం ఉండకూడదనే ఆయన జీవితమంతా పనిచేశారు.

ఇలాంటి కొలిచి చూపే సంప్రదాయం ఆయన ఒక్కరిదే కాదు. అమెరికాలో మెకింటోష్ కంపెనీ 1962 నుంచి దుకాణాల్లో క్లినిక్‌లు పెట్టి, ఏ కంపెనీ యాంప్లిఫయర్ తెచ్చినా ఉచితంగా కొలిచి గ్రాఫు గీసి చేతికిచ్చేది. చాలామందికి తాము మురిసిపోయే యంత్రం కాగితం మీద ఎలా ఉందో మొదటిసారి తెలిసింది అక్కడే.

2003లో వాకర్ మరణించారు. కంపెనీ చేతులు మారింది. క్వాడ్ 2 పేరుతో కొత్త వాల్వు యాంప్లిఫయర్లు మళ్ళీ అమ్మకానికి వచ్చాయి, కొనేవాళ్ళున్నారు. అందులో తప్పేమీ లేదు. వెలిగే వాల్వుల ముందు కూర్చుని పాత రికార్డు వినడంలో ఉన్న ఆనందానికి మీటరు సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆ ఆనందం యంత్రం పుట్టించిందా, మన జ్ఞాపకం పుట్టించిందా అన్న ప్రశ్న వస్తే మాత్రం, రెండు యాంప్లిఫయర్ల శబ్దాన్ని సమానం చేసి, తెర వెనక పెట్టి, ఇరవై సార్లు విని, సరైన జవాబులు లెక్కపెట్టుకోవడమే మార్గం. వాకర్ ఉంటే బహుశా ముందు తెర ఏర్పాటు చేయమనే చెప్పేవారు.